ఎంత మంది అని అడుగుతారు: నేపాల్ ట్రిప్ చివర మా డీబ్రీఫింగ్

మిషన్ ట్రిప్ గురించి మన చర్చి సంఘాల్లో మాట వచ్చేది రెండు సందర్భాల్లోనే. వెళ్ళే ముందు ప్రార్థనలు, కానుకలు, సపోర్ట్ లెటర్లు. వచ్చాక స్టేజి మీద సాక్ష్యం, ప్రొజెక్టర్‌లో ఫోటోలు, చప్పట్లు. పని అయిపోయి ఇంకా ఇంటికి బయల్దేరకుండా మధ్యలో మిగిలే ఆ కాస్త సమయంలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పగా నేను వినలేదు. మా టీంలో చాలామందికి అలాంటి సమయం ఒకటి ఉంటుందనే తెలియదు. షెడ్యూల్‌లో చివర "డీబ్రీఫింగ్" అని చూసి షాపింగ్‌కి ఇచ్చారేమో అనుకున్నాం. ట్రిప్‌లో జరిగినదంతా కూర్చుని తిరిగి చూసుకుని మాట్లాడుకోవడమే డీబ్రీఫింగ్ అని తర్వాత తెలిసింది. వచ్చే ఏడాది వెళ్ళాలనుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కొందరు అడిగారు కాబట్టి ఆ భాగం గురించే రాస్తున్నాను. ప్రయాణం, కొండలు, మంచు, ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

మేం ఆరుగురం, అందరం ఇరవైల్లో ఉన్నవాళ్ళం. నేనూ ఇంకో అబ్బాయీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాం. ఒక అక్క స్కూల్ టీచర్. ఒక చెల్లి నర్సింగ్ ఆఖరి సంవత్సరం. ఒక తమ్ముడు బైబిల్ కాలేజీలో చదువుతున్నాడు. మా టీం లీడర్‌ని అందరం అన్నా అనే పిలుస్తాం. వెళ్ళింది నేపాల్లో ఒక కొండ ప్రాంతపు సంఘానికి. ఊరి పేరు, జిల్లా పేరు రాయను. ఎందుకో కింద చెప్తాను.

ముందు చట్టం సంగతి. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణం ఎవరి మతాన్ని వాళ్ళు ఆచరించుకునే హక్కు ఇస్తూనే, ఇంకొకరిని మతం మార్చడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన నేర శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం మతం మార్చినా, అందుకు ప్రోత్సహించినా 5 ఏళ్ళ వరకు జైలు, 50,000 నేపాలీ రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక 7 రోజుల్లో దేశం నుంచి పంపించేయాలి. భారతీయులకి నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు కదా, అందుకని మన వాళ్ళకి అది పరదేశం అన్న సంగతే సరిగ్గా తలకెక్కదు. అక్కడ మనం విదేశీయులమే.

అందుకే మేం వెళ్ళింది వీధిలో సువార్త చెప్పడానికి కాదు. అక్కడి సంఘం పిలిచింది, ఆ సంఘం లోపల వాళ్ళు చెప్పిన పని చేశాం. కరపత్రాలు తీసుకెళ్ళలేదు, బజార్లో పాటలు పాడలేదు, సంఘస్తుల ఇళ్ళకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదు. సంఘం పిల్లలకి బైబిల్ క్లాసులు చెప్పాం, యూత్‌కి గిటార్, కీబోర్డ్ నేర్పించాం, మందిరానికి రంగులు వేశాం, ఇళ్ళకి వెళ్ళి ప్రార్థన చేశాం. బయల్దేరే ముందే మా అన్న దీన్ని ఖచ్చితంగా చెప్పి అందరి చేతా సంతకం పెట్టించాడు. అది మంచి పని. కానీ సంతకం పెట్టినంత తేలిగ్గా మనసులో ఉన్న ఊహలు పోవు. ఆ విషయం చివర్లో బయటపడింది.

పని ముగిశాక మమ్మల్ని ఖాట్మండు లోయ దక్షిణం వైపు, ఫుల్‌చోకీ కొండ కింద ఉన్న ఒక గెస్ట్‌హౌస్‌కి తీసుకెళ్ళారు. ఆ ఊరి పేరు గోదావరి. బస్సు మీద బోర్డు చూసి ఆరుగురం ఒకేసారి నవ్వాం. అక్కడ గోదావరి కుండం ఉంది, 12 ఏళ్ళకోసారి పెద్ద మేళా జరుగుతుంది, మన పుష్కరాల్లాగే.

డీబ్రీఫింగ్ నడిపించిన ఆంటీ మన తెలుగావిడే. ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేరి అక్కడే ఉండిపోయారు. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో నేపాలీ దొర్లుతుంది, ఆవిడకి అది తెలియదు కూడా. మేం నోట్‌బుక్కులు, పెన్నులు పట్టుకుని వరసగా కూర్చుంటే "ఇవాళ ఏమీ లేదమ్మా, పడుకోండి" అన్నారు. శిష్యులు పరిచర్యకి వెళ్ళి తిరిగొచ్చి తాము చేసినవి, బోధించినవి అన్నీ చెప్తే యేసయ్య వాళ్ళని ఏకాంతంగా ఒక చోటికి వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నారు కదా, ముందు ఆ మాట పాటించండి అన్నారు. మా అన్నకి ఇది అస్సలు నచ్చలేదు. ఇంత ఖర్చు పెట్టి వచ్చి పడుకోవడమేంటని అతని బాధ. సాయంత్రం అందరం ప్రార్థనకి కూర్చుందామని పట్టుబట్టాడు. ఆంటీ కాదనలేదు. ప్రార్థనలో సగం మంది కునికిపాట్లు పడ్డారు.

మర్నాడు పొద్దున మొదలైంది అసలు పని. ఒక్కొక్కరికీ ఒక పెద్ద తెల్ల కాగితం ఇచ్చి, అడ్డంగా ఒక గీత గీసి, ట్రిప్‌లో సంతోషంగా ఉన్న సందర్భాలు గీత పైన, మనసు కుంగిన సందర్భాలు గీత కింద రాయమన్నారు. ఎవరి కాగితం వాళ్ళదే, పక్కవాళ్ళది చూడకూడదు. తర్వాత ఒక్కొక్కరం చూపిస్తూ చెప్పాలి. చెప్పేటప్పుడు మిగతావాళ్ళు సలహా ఇవ్వకూడదు, వాక్యం ఎత్తకూడదు, "పర్లేదులే" అనకూడదు. మధ్యలో "ఆమేన్" కూడా వద్దన్నారు. మన సంఘాల్లో పెరిగినవాళ్ళకి ఆమేన్ అనకుండా కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఒకే రోజు గురించి ఆరు కాగితాల్లో ఆరు రకాలుగా ఉంది. సంఘానికి వెళ్ళిన మొదటి శనివారం నా కాగితంలో గీతకి బాగా పైన ఉంది. అక్కడ వారపు సెలవు శనివారం కాబట్టి ఆరాధన కూడా శనివారమే. అందరూ "జయ్ మసీహ్" అని రెండు చేతులూ జోడించి పలకరిస్తుంటే నాకు ఎక్కడికో వచ్చినట్టు కాక ఎవరింటికో వచ్చినట్టు అనిపించింది. నర్సింగ్ చెల్లి కాగితంలో అదే శనివారం గీతకి అడుగున ఉంది. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ దాని చెయ్యి పట్టుకుని భూకంపం గురించి చెప్పిందట. 2015 ఏప్రిల్ 25 శనివారం. మధ్యాహ్నం 12 కావడానికి ఇంకో నాలుగు నిమిషాలుంది. నేపాల్ అంతటా మందిరాల్లో ఆరాధన జరుగుతున్న సమయం అది. 7.8 తీవ్రతతో భూమి కదిలినప్పుడు చాలా చోట్ల మందిరాలు జనం మీదే కూలాయి. ఆ పెద్దావిడ కోడలు అలాగే పోయిందట. చెల్లి కొంత హిందీలో, కొంత సైగలతో ఇదంతా విని, అరగంట తర్వాత పిల్లలతో యాక్షన్ సాంగ్ చేయించాల్సి వచ్చింది. ఆ రోజు నుంచీ ఆ పాట పాడాలంటే గొంతు రావడం లేదని చెప్పింది. మేమంతా దానికి జలుబు చేసిందనుకున్నాం.

టీచరక్క కాగితం ఇంకో రకం. గీత కింద ఒకే మాట నాలుగు చోట్ల రాసింది: వంట. మేం ఎక్కడికి వెళ్ళినా బ్రదర్స్ వాక్యం చెప్తారు, సిస్టర్స్ పిల్లల్ని చూసుకుంటారు, తర్వాత వంటింట్లో సాయం చేస్తారు. ఎవరూ అలా నిర్ణయించలేదు, దానంతటదే అలా జరిగిపోయింది. అక్క పదిహేనేళ్ళ వయసు నుంచి సండే స్కూల్ నడుపుతోంది. మాలో బైబిల్ అంత బాగా చెప్పగలిగినవాళ్ళు ఇంకొకరు లేరు, బైబిల్ కాలేజీ తమ్ముడితో సహా. ఇది వాడే ఒప్పుకున్నాడు. అన్నకి ముఖం మాడిపోయింది. జవాబు చెప్పబోతే ఆంటీ చేయి ఎత్తి ఆపారు. "జవాబు తర్వాత. ముందు నువ్వు విన్నది నీ మాటల్లో తిరిగి చెప్పు నాన్నా" అన్నారు. అన్న మూడుసార్లు ప్రయత్నించాడు. మొదటి రెండుసార్లూ "కానీ" అనే చేరింది. మూడోసారి "కానీ" లేకుండా చెప్పాడు. అక్క "అవును, అదే" అంది. అంతే, దాని మీద ఇంకెవరూ మాట్లాడలేదు. మామూలుగా అయితే ఇలాంటివి ఇంటికొచ్చాక ఫోన్లలో ఒకరి దగ్గర ఒకరు చెప్పుకుంటూ ఆరు నెలలు నడుస్తాయి. డీబ్రీఫింగ్ వల్ల ఇంకేమీ ఒరగకపోయినా దీనికోసమైనా పెట్టుకోవచ్చని నా అభిప్రాయం.

మధ్యాహ్నం అక్కడి సంఘ కాపరి వచ్చారు. ఏదో పని మీద ఖాట్మండు వచ్చి, మా కోసం గోదావరి దాకా వచ్చారాయన. కృతజ్ఞతలు చెప్పి, ప్రార్థన చేసి వెళ్తారనుకున్నాం. ఆంటీ మాత్రం ఆయన్ని ముందే రెండు ప్రశ్నలు అడిగి ఉంచారట. వీళ్ళ వల్ల మీకు ఏం ఉపయోగపడింది, ఏది భారమైంది. అతిథుల ముందు ఉన్నదున్నట్టు చెప్పడానికి ఆయన చాలా ఇబ్బంది పడ్డారు. టీ తాగారు, వాతావరణం గురించి మాట్లాడారు, అన్న వాళ్ళ అమ్మ ఆరోగ్యం అడిగారు. ఆ తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టారు.

రంగులు వేయడం బాగుందన్నారు. అయితే ఆ పని సంఘంలో యూత్ చేసుకోగలరు, మీరు రోడ్డు బాగాలేని రోజుల్లో అంత దూరం వచ్చింది దానికా అని మాకే అనిపించింది అన్నారు. వచ్చిన ప్రతి టీమూ పిల్లలకి అవే నాలుగు కథలు చెప్తుందట: నోవహు, దావీదు, యోనా, తప్పిపోయిన కుమారుడు. మా పిల్లలకి యోనా ఇప్పుడు చుట్టమైపోయాడు అని నవ్వారు. బయటి టీం వస్తే సంఘస్తులు పొలం పనులు మానుకుని వస్తారు, ఎవరో ఒకరు కోళ్ళు కోస్తారు, అది ప్రేమతోనే చేస్తారు, కానీ ఏడాదికి నాలుగు టీములు వస్తే ఆ ఇళ్ళకి తెలుస్తుంది అన్నారు. అది విని చెల్లి కళ్ళు దించుకుంది. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది.

మరి ఉపయోగపడిందేంటి? మేమెవ్వరం ఊహించనిది చెప్పారు. ఒక రోజు వాన వల్ల ప్రోగ్రాం రద్దయితే టీచరక్కా నేనూ వాళ్ళ సంఘం జమాఖర్చుల పుస్తకం చూశాం. కానుకలు ఒక చోట, బిల్డింగ్ ఫండ్ ఇంకో చోట, అప్పులు కాగితం ముక్కల మీద ఉన్నాయి. అన్నిటినీ కలిపి ఒక మామూలు ఎక్సెల్ షీట్ చేసి, పాస్టర్ గారి కూతురికి ఎలా నింపాలో చూపించాం. నా కాగితంలో ఆ రోజు గీతకి పైనా లేదు, కిందా లేదు, అసలు రాయనేలేదు. మందిరం తిరిగి కట్టిన అప్పు ఇంకా ఎంత మిగిలిందో ఆ షీట్ వల్లే మొదటిసారి సంఘం ముందు చెప్పగలిగానని ఆయన అన్నారు. "మళ్ళీ రండి. కొత్త ఆరుగురు వద్దు, వచ్చినవాళ్ళే రండి. ఇద్దరు వచ్చినా చాలు. కొంచెం నేపాలీ నేర్చుకుని రండి."

ఇంకో మాట కూడా అన్నారు. ఆ సంఘంలో పాతికేళ్ళ మగపిల్లలు మాకు పెద్దగా కనపడలేదు. ఖతార్, మలేషియా, సౌదీ, కొరియా, అందరూ పని కోసం బయటికి వెళ్ళినవాళ్ళే. కొండ ఊళ్ళన్నీ అంతే. ఇద్దరు అన్నదమ్ములు ఖతార్‌లో లేబర్ క్యాంపులో ఉండగా తోటి నేపాలీల ప్రార్థన కూడికకి వెళ్ళి నమ్ముకుని, సెలవుకి వచ్చి తమ ఇంట్లోవాళ్ళకి చెప్పుకున్నారట. మాకు బయటి నుంచి మిషనరీలు రావాలని మీరు అనుకుంటారు, మా వాళ్ళే బయటికి వెళ్ళి తెచ్చుకుంటున్నారు అన్నారు. ఆయన వెళ్ళాక ఆంటీ జనాభా లెక్కలు చెప్పారు. 2011లో నేపాల్ జనాభాలో క్రైస్తవులు 1.41 శాతం, 2021లో 1.76 శాతం, అంటే 5 లక్షల 12 వేల పైచిలుకు. 1951 దాకా మిషనరీలకి తలుపులు మూసి ఉంచిన దేశం. 1954లో యునైటెడ్ మిషన్ టు నేపాల్ మొదలైనప్పుడు కూడా వైద్యం, చదువు లాంటి సేవలకే అనుమతి, మత ప్రచారం చేయకూడదన్నది షరతు. ఆ తర్వాత సంఘాల్ని కట్టింది ఎక్కువగా నేపాలీలే. డార్జిలింగ్ వైపు నుంచి వచ్చినవాళ్ళు కొందరు, లోపలివాళ్ళు మరికొందరు. పూర్తి నేపాలీ బైబిల్ కూడా 1914లో డార్జిలింగ్‌లో గంగాప్రసాద్ ప్రధాన్ అనే నేపాలీ పాస్టర్ శ్రమ వల్లే వచ్చింది.

ఆ రాత్రి సాక్ష్యాలు రాసుకున్నాం. సంఘంలో ఇచ్చేది మూడు నిమిషాలే, కాబట్టి ఒక పేజీ. మర్నాడు వాటిని గట్టిగా చదివించి ఆంటీ ఒక్కో వాక్యం దగ్గర ఆపేవారు. ఇది నువ్వు కళ్ళారా చూసిందా, ఎవరైనా చెప్పిందా, నువ్వు అనుకున్నదా? ఈ మూడు ప్రశ్నలే. తమ్ముడు "దేవుడు ఆ ఊరినంతా కదిలించాడు" అని రాశాడు. చూశావా అంటే, ఆఖరి రోజు మందిరం నిండిపోయిందన్నాడు. మందిరం ఎందుకు నిండిందో నర్సింగ్ చెల్లికి తెలుసు. ఆ రోజు ఒక పెళ్ళి కుదిరినందుకు విందు ఉంది. తమ్ముడు ఆ వాక్యం కొట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అయితే ఏం చెప్పాలి ఆంటీ? ఎంత మంది రక్షణ పొందారని అడుగుతారు కదా." అందరం అనుకుంటున్నదే వాడు అడిగాడు. కొత్తగా ఎంత మంది యేసయ్యని నమ్ముకున్నారని కానుకలిచ్చినవాళ్ళు అడుగుతారు. మేం వెళ్ళింది దానికి కాదని, చట్టం అసలు ఒప్పుకోదని ముందే చెప్పినా అడుగుతారు.

తమ్ముడే మళ్ళీ ఒంగోలు తీశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. తెలుగు బాప్టిస్టు ఇళ్ళల్లో ఆ సంఖ్య తెలియని పిల్లలుండరు. లెక్క చెప్పడం తప్పయితే ఆ లెక్క మనకెందుకు చెప్తూ వచ్చారు అని వాడి వాదన. ఆంటీ దానికి జవాబు చెప్పకుండా, ఆ రోజుకి ముందు ఏం జరిగిందో ఎవరికైనా తెలుసా అన్నారు. టీచరక్కకి తెలుసు. వాళ్ళ తాతగారు చెప్పేవారట. యర్రగుంట్ల పేరయ్య అని మాదిగ కులంలో పుట్టిన తోళ్ళ వ్యాపారి, 1866లో బాప్తిస్మం తీసుకుని, ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి తన వాళ్ళకి చెప్పుకొచ్చాడు. తర్వాత 1876లో మొదలైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. కరువు సాయం నడిచినంత కాలం వేలమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. 2,222 ఆ తర్వాత వచ్చింది. అక్క ఇదంతా చెప్పి, "పేరయ్య తిరిగిన ఊళ్ళ లెక్క ఎవరూ రాయలేదురా తమ్ముడూ" అంది. వాడు దానికీ వాదించబోయాడు, కానీ భోజనానికి పిలిచారు.

భోజనాలయ్యాక ఫోటోల పని. ఇది మాలో చాలామందికి అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఫోన్లన్నీ బల్ల మీద పెట్టి ఒక్కో ఫోటో చూడాలి. పిల్లల ముఖాలు కనపడితే తల్లిదండ్రుల్ని అడిగామా? అడగకపోతే తీసేయాలి. ఎవరైనా మోకాళ్ళ మీద ఏడుస్తూ ప్రార్థిస్తున్న ఫోటో, మనం చేతులుంచి ప్రార్థిస్తున్న ఫోటో, ఇవి మాత్రం అడిగినా, అడగకపోయినా తీసేయాలి. బోర్డు మీద ఊరి పేరు కనపడినా అంతే. పైన చెప్పిన 158వ సెక్షన్ గుర్తుందా? మనకి అది ఒక మంచి జ్ఞాపకం. మనం వచ్చేశాక ఎవరైనా ఆ ఫోటో పట్టుకుని "ఇదిగో విదేశీయులు మతం మారుస్తున్నారు" అని ఫిర్యాదు ఇస్తే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళేది పాస్టర్ గారు. మా అన్న తీసిన వీడియోల్లో మూడొంతులు పోయాయి. సంఘంలో చూపించడానికి పది నిమిషాల వీడియో చేస్తానని మాటిచ్చి వచ్చాడతను. పాపం, ఒక్కొక్కటీ డిలీట్ చేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. చివరికి మిగిలినవి కొండలు, మందిరం గోడ, రంగు డబ్బాలు, మా చెప్పులు. ఊరి పేరు రాయనన్నది ఇందుకే.

ఆఖరి కూడిక ఇంటికి వెళ్ళడం గురించి. ఆంటీ చెప్పినవి చాలా మామూలు విషయాలు, కానీ ముందే విని ఉండటం మంచిదైంది. ఇంటికి వెళ్ళాక అందరూ "ఎలా జరిగింది?" అంటారు, మీరు నోరు తెరిచేలోపే ఇంకో విషయంలోకి వెళ్ళిపోతారు, కోపం తెచ్చుకోకండి. పూర్తిగా వినే మనిషిని ఒక్కరిని ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. సొంత సంఘం ఒక్కసారిగా చప్పగా కనపడుతుంది, వీళ్ళకి భారం లేదు అని నోటిదాకా వస్తుంది, అనకండి. ఉద్యోగం మానేయడం, పెళ్ళి సంబంధం కాదనడం లాంటి పెద్ద నిర్ణయాలు కొన్ని నెలలు వాయిదా వేయండి. ఈ చివరిది నాతోపాటు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అబ్బాయికి తగిలింది. అప్పటికే మేనేజర్‌కి రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నాడు. దేవుడు పిలిస్తే ఆలస్యం చేయొచ్చా అని అడిగాడు. "ఇవాళ పిలిచినాయన మూడు నెలలయ్యాక కూడా పిలుస్తాడు నాన్నా. అప్పటికి నీ నిద్ర కూడా సరిపోయి ఉంటుంది" అన్నారావిడ.

వెళ్ళే ముందు తమ్ముడు అజరయ్య గారి మాట ఒకటి చదివాడు. అజరయ్య గారు తిరునల్వేలి వైపు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, డోర్నకల్‌లో స్థిరపడి, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయినవారు. అంటే ఒక రకంగా మన నేలకి వచ్చిన పరాయి మిషనరీయే. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, తెల్ల మిషనరీల ముఖం మీదే ఆయన అడిగారు: మీరు మీ ఆస్తులు బీదలకి ఇచ్చారు, మీ శరీరాలు కాల్చడానికి అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి. నేను ఆ మాట ఇంతకుముందు విన్నాను, కానీ ఎప్పుడూ అడిగేవాళ్ళ వైపు కూర్చునే విన్నాను. ఈసారి కుర్చీ మారింది. ముందు రోజు పాస్టర్ గారు వచ్చినవాళ్ళే రండి అన్నది గుర్తొచ్చి అన్న వైపు చూశాను. అతను నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నాడు.

సంఘంలో సాక్ష్యం రోజు ఊహించినట్టే జరిగింది. నా మూడు నిమిషాల్లో భూకంపం, మందిరం అప్పు, ఖతార్ అన్నదమ్ములు, ఎక్సెల్ షీట్ చెప్పాను. ఎక్సెల్ దగ్గర వెనక బెంచీల్లో కొందరు నవ్వారు. టీచరక్క కూడా ఈసారి పిల్లల క్లాసులో కాక పుల్పిట్ దగ్గరే నిలబడి మాట్లాడింది, అన్నే పిలిచాడు. కూడిక అయ్యాక సంఘ పెద్ద ఒకరు దగ్గరికొచ్చి అడిగారు, "అదంతా బాగుందమ్మా, ఎంత మంది?" అక్కడి సంఘంలో వంద మంది లోపే అంకుల్, మేం వెళ్ళకముందూ అంతే, వచ్చాకా అంతే అన్నాను. ఆయనకి నచ్చలేదు. ఇంత డబ్బు పెట్టి పంపితే అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయారు. ఆయన మాటలో అన్యాయం ఉందని నేను అనను. ఇచ్చినవాళ్ళకి అడిగే హక్కుంది. అడిగేది వేరేగా ఉంటే బాగుండేది. ఆయన వెనకే ఒక ఆంటీ నిలబడి ఉన్నారు. వాళ్ళాయన కువైట్‌లో ఉంటారు. ఖతార్‌లో ఆ నేపాలీ అన్నదమ్ములు వెళ్ళే కూడికలాంటిది కువైట్‌లో తెలుగువాళ్ళకి ఉందేమో కనుక్కోవా, ఆయన శుక్రవారం ఒక్కడే రూములో ఉంటున్నాడు అని అడిగారు. మా బైబిల్ కాలేజీ తమ్ముడికి అక్కడ సీనియర్లున్నారు, వారం తిరక్కుండానే నంబర్ తెచ్చిచ్చాడు.

రాజీనామా మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. వాడి మూడు నెలలు పూర్తి కాలేదు. చెల్లి పరీక్షలు రాస్తోంది, వారానికోసారి ఆంటీతో ఫోన్లో మాట్లాడుతుంది, ఏం మాట్లాడుకుంటారో మేం అడగం. దశైన్ (అక్కడి దసరా) సెలవులు అయ్యాక పాస్టర్ గారు మళ్ళీ రమ్మన్నారు. ఈసారి టీచరక్కా నేనూ ఇద్దరమే. చుట్టుపక్కల సంఘాల నుంచి కూడా లెక్కలు చూసేవాళ్ళని పిలుస్తారట, అందరికీ కలిపి నేర్పించాలి. ఇద్దరం ఆన్‌లైన్‌లో నేపాలీ నేర్చుకుంటున్నాం. అక్క నాకంటే చాలా ముందుంది. గోరఖ్‌పూర్ దాకా రైలు టికెట్లు చూస్తున్నాం, పాస్టర్ గారు తేదీ ఖాయం చేయగానే బుక్ చేస్తాం. ఖర్చు ఈసారి ఎవరినీ అడగకుండా మా జీతాల్లోంచే పెట్టుకుంటున్నాం.